లైవులో ఆగిపోయిన ప్రార్థన

కరోనాకు చర్చి తలుపులు మూసిన ఆ రోజుల్లో, ఇబ్రహీంపట్నంలో మా సంఘానికంతటికీ దేవుడి దగ్గరికి పోయే దారి నా ఫోనులోనే ఉందని నిజంగా నమ్మాను. తొమ్మిదో తరగతిలోనే బడి మానేసి బస్టాండు దగ్గర సెల్లు దుకాణంలో స్క్రీన్ గార్డులు అంటించేవాణ్ని (మా సంఘం వాళ్ల దృష్టిలో అది ఇంజినీరు పనే). అందుకే లైవు పెట్టే బాధ్యత నాది. పాస్టరు అయ్యగారింట్లో బియ్యం డబ్బా మీద ఫోను, దాని ఎదుట అయ్యగారు.

ఆ రోజు నెల మొదటి ఆదివారం, ప్రభువు బల్ల. ఎవరింట్లో వాళ్లు రొట్టె, ద్రాక్షరసం ఫోను ముందు పెట్టుకుంటే, అయ్యగారు ప్రార్థించాక అందరూ తీసుకోవాలి. ఆయన రొట్టె ఎత్తి, కళ్లు మూసుకుని "ప్రభువా" అన్నారో లేదో, మా దుకాణం సేటు నాకు ఫోన్ చేశాడు. (కాల్స్ రాకుండా ఆపడం మరిచింది ఇంజినీరుగారే.) లైవు తెగింది. ప్రార్థన మధ్యలో అయ్యగారిని ఆపే ధైర్యం లేదు. చెమటలు కక్కుతూ మళ్లీ కలిపేసరికి "ఆమేన్" ఒక్కటే మిగిలింది.

ఐదు నిమిషాల్లో మంచాల ఊరి నుంచి మా పెద్దమ్మ ఫోను.

"ఏం రా, అయ్య రొట్టె పట్టుకొని బొమ్మలెక్క ఆగిండు. నా రొట్టెకు ప్రార్థన అందిందా, లేదా?"

"అందింది పెద్దమ్మా, తిను."

"అందుడు నువ్వు జూసినవా? ప్రార్థన లేంది గది వట్టి బ్రెడ్డే. నేను ముట్ట."

ఆమెకు షుగరు. బల్ల తీసుకునేదాకా మంచినీళ్లు కూడా తాగని మనిషి. మాట అప్పటికే తడబడుతోంది. పోయి అయ్యగారి ముందు ఒప్పేసుకున్నాను. ఆయన ఫోను అందుకున్నారు.

"అక్కా, దేవుడు ఫోన్ల ఉంటడా? తెగితే ఆయనకేమైతది? ఫికర్ జెయ్యకు, తిను."

"మరి రొట్టెను ఫోను ముంగట పెట్టుమన్నది మీరే గద అయ్యా!"

అయ్యగారు మళ్లీ కళ్లు మూసుకుని, ఆమె ఒక్కదాని కోసం మొదటి నుంచి ప్రార్థించారు. అటు నుంచి "ఆమేన్", ఆ తర్వాత నమిలే చప్పుడు. అంత హాయైన చప్పుడు నేనింతవరకు వినలేదు.

"మిగిలిన ఇండ్లకు నువ్వు ఫోన్ జెయ్యి. ఫోను ముంగట పెట్టుమన్న తప్పు నాదే అని చెప్పు" అన్నారు అయ్యగారు. బిక్కుబిక్కుమంటూ ఒక్కో ఇంటికి ఫోన్ చేశాను.

"ఆగిందా? కండ్లు మూసుకున్నంక మా ప్రార్థన మేం జేసుకున్నం, తిన్నం" అన్నాడు యాచారంలో ఉండే మా సంఘం అన్న ఒకాయన. అందరిదీ ఇంచుమించు అదే మాట.

సేటు ఒక్క ఫోను చేస్తే దేవుడి పని ఆగిపోతుందని వణికిన ఆ పిల్లగాణ్ని తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది, కొంచెం ముద్దుగానూ ఉంటుంది. అంత పెద్ద ఉద్యోగం నాకు మళ్లీ ఎవరూ ఇవ్వలేదు. అసలు అప్పుడు కూడా ఎవరూ ఇవ్వలేదు, నేనే నెత్తిన పెట్టుకున్నాను.