ఆమె కంతు ఈమె కట్టింది

మా సంస్థ ఆఫీసుకి కంప్యూటర్ వచ్చిన ఏడు దానికొక గది ఇచ్చారు, ఫ్యాను ఇచ్చారు, దుమ్ము పడకుండా కిటికీకి తెర కట్టారు. పావగడ ఎండలో ఊరూరా తిరిగి మహిళా సంఘాలు నడిపించే నాకు విరిగిన కుర్చీ కాలు కూడా బాగుచేయించలేదు. తొంభైల నడుమ మాట ఇది. ఇకమీదట ఎవరికి అప్పు ఇవ్వాలో కంప్యూటరే చెబుతుందని మేనేజరు అన్నప్పుడు నేనూ సంతోషించాను. నెలాఖరు కూడికల బాధ తప్పుతుందనుకున్నాను. ఆ సంతోషం తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే మండుతుంది.

మంగళవాడ వైపు ఒక సంఘంలో ఇద్దరు ఆడవాళ్లుండేవారు. చేలు పక్కపక్కనే. వాన లేక చిన్నామె మొగుడితో ఇటుకల పనికి బెంగళూరు వెళ్లింది. ఆ మూడు నెలలూ ఆమె అప్పు కంతు పెద్దామె కట్టింది. చిన్నామె తిరిగొచ్చి, పెద్దామె చేలో కంప కొట్టి, రాళ్లేరి తీర్చేసింది. ఆ ఊళ్లలో ఇది మామూలే. నా నోటుపుస్తకంలో ‘ఆమెది ఈమె కట్టింది’ అని పక్కన రాసుకునేదాన్ని. కొత్త ఫారంలో పక్కన రాయడానికి చోటే లేదు. ‘కట్టినవారి పేరు’ అని ఒకటే గడి. మూడు నెలలూ పెద్దామె పేరే రాశాను. డిగ్రీ చదివిన బుర్ర మరి!

మొదటి పదును వాన పడిన మర్నాడే చిన్నామె చెనక్కాయ విత్తనాల అప్పుకోసం ఆఫీసుకి వచ్చింది.

“మూడు కంతులు బాకీ. నీకు అప్పు రాదమ్మా,” అన్నాడు మేనేజరు, అచ్చు కాగితం చూపిస్తూ.

“ఎవురప్పా చెప్పింది?”

“కంప్యూటర్.”

“అది మా ఊరికి ఎప్పుడొచ్చిందప్పా? మా సంఘంలో ఎవురికీ కనపళ్లేదే!”

నేను నవ్వాను. ఆయన నవ్వలేదు.

“తప్పు నాది సార్. ఫారం నేను నింపినాను. ఇదో నా నోటుపుస్తకం, చూసి దిద్దండి.”

“దిద్దల్లంటే బెంగళూరు నుంచి మనిషి రావల్ల మేడం. వచ్చే వారం వస్తాడు.”

“అందాకా నేలలో విత్తే పదును ఉంటుందా? మీరు చేలో కాలు పెట్టి ఎన్నేండ్లయింది సార్?”

“ఆ నోటుపుస్తకాలు ఇంక మూటగట్టేయండి,” అన్నాడు. అంతే ఆయన జవాబు.

చిన్నామె బస్టాండుకి నడిచింది. వాన పడిన రెండో రోజు పోయింది, మూడో రోజూ పోయింది. ఎండ మళ్లీ చుర్రుమంది. నాలుగో రోజు పెద్దామె ఎద్దులబండితో దిగింది. కంప్యూటర్ లెక్కలో ఆమె మూడు కంతులు ముందే కట్టిన మహాతల్లి కదా, అడిగినంతా ఇచ్చారు. రెండు చేలకు సరిపడా విత్తనకాయలు బండికెత్తించుకుంది.

“సగం దానికే,” అంది నా చెవిలో. “మీ పెట్టెకి చెప్పొద్దు మేడమ్మా.”

తరువాతి వారం బెంగళూరు నుంచి మనిషి రానే వచ్చాడు. మేనేజరు పెద్దామె పేరు చూపించి, మంచి సభ్యురాలిని సిస్టం ఎలా పట్టుకుందో చూడమన్నాడు. నేను లేచి ఉన్నదున్నట్టు చెప్పాను. “అట్లయితే ఇద్దరూ మోసమే చేసినారు కదా,” అన్నాడు ఆ వచ్చినవాడు. ఏ మాట అన్నానో ఇక్కడ రాయను. ఆ నెల నా జీతం ఆలస్యమైంది.

చేలు చూడటానికి వెళ్లాను. మొదటి రోజే విత్తి ఉంటే నిండుగా లేవాల్సిన సాళ్లు. మూరకొక మొలక, నడుమ ఎండిన మన్ను. చిన్నామె నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

“అక్క పేరుమీద ఉండే అప్పులో సగం కంతు నేను కట్టల్ల. యా పేరు రాస్తావు మేడమ్మా?” అని అడిగింది.

ఆ నెల ఫారంలో ఒకటే గడిలో ఇద్దరి పేర్లూ ఇరికించి రాశాను. వెనక్కి పంపారు. మళ్లీ అలాగే రాసి పంపాను.