మేకుల్లేని గోడలు

డెబ్బయ్యో దశకం చివర్లో, టైపు పరీక్ష పాసై నేను మొదటిసారి పనికి వెళ్ళింది బళ్ళారి బ్రూస్‌పేటలోని ఒక పాత పత్తి గోదాముకు. దాన్ని బాడుగకు తీసుకుని నడిపే ఆవిడను అందరూ అక్క అనేవాళ్ళు. జిన్నింగు మిల్లు కూలీ కూతురు. ఆ గోదాములోనే ఒక వ్యాపారి దగ్గర టైపిస్టుగా ఉండేదట. ఆయన వ్యాపారం మూసేసి వెళ్ళిపోతే, గోదామునూ అందులోని ఫోనునూ తాను అందుకుంది.

లోపలంతా చెక్క పలకల గోడలతో చిన్న చిన్న గదులు. గదికో బల్ల, రెండు కుర్చీలు. దోణిమలై గనుల ఇనుప ఖనిజం మోసే లారీల ఏజెంటు, కాలువ కింద రైతులకు ఎరువులమ్మే కోస్తా ఆయన, ఇంకా అలాంటివాళ్ళు వాటిలో కూర్చునేవాళ్ళు. నెలకైనా సరే, ఒక్క రోజుకైనా సరే, అక్క బల్ల బాడుగకు ఇచ్చేది. ఫోను మాత్రం అందరికీ ఒక్కటే. మోగగానే అక్క ఎత్తేది. అవతలి గొంతును బట్టి ఎవరికోసమో పట్టేసి, కన్నడానికి కన్నడం, ఉర్దూకు ఉర్దూ పలికేది. నేను టైపు ఆపి అలాగే చూస్తుండిపోయేదాన్ని.

ఒక వేసవిలో గోదాము అమ్ముడుపోయింది. కొన్న సాహుకారు వారంలో ఖాళీ చేయమన్నాడు.

"మా గతేందక్కా?" అన్నాడు లారీల ఏజెంటు.

"తల పట్టుకోని కూర్చుంటే అయితాదా అప్పా? ఆదివారం నీ లారీలు ఊరికే నిలబడుంటాయి గదా, రెండు పంపు."

వెనక వీధిలో మూతపడిన నూనె మిల్లు షెడ్డును అప్పటికే మాట్లాడి వచ్చింది. ఆదివారం పొద్దున కొంగు దోపుకుని, చేతిలో స్పానరుతో గోడ దగ్గర నిలబడింది. అప్పుడు చూశాను, ఆ గోడల్లో ఒక్క మేకు లేదు. అన్నీ బోల్టులే.

"ఎవురిదో గోదాము పాపా. ఒగ దినం పొమ్మంటారని నాకు మొదట్నుంచీ తెలుసు," అంది బోల్టు విప్పుతూ.

సోమవారం లారీల ఏజెంటు షెడ్డులో మళ్ళీ బిగించిన తన గదికి వచ్చి గుమ్మంలోనే ఆగిపోయాడు. "ఏందక్కా, నా క్యాలెండరు గూడా అదే పక్క ఉండాది!"

ఫోను మారడానికి మాత్రం నెలలు పట్టింది. అంతవరకూ ఎదురుగా ఉన్న మందుల అంగడి నంబరు అందరికీ చెప్పించి, ఆ అంగడి వాకిట్లో కుర్చీ వేసుకుని తానే కూర్చుంది. ఎండకు ముఖం కమిలిపోయింది. పిలుపు వచ్చినప్పుడల్లా రోడ్డు దాటి వచ్చి మనిషిని పిలుచుకుపోయేది. ఒక్క బల్ల కూడా ఖాళీ కాలేదు.

తొంభైలలో సొంతంగా మూడంతస్తులు కట్టింది. పెళ్ళై వేరే ఊరు వెళ్ళిన నేను చూడ్డానికి వచ్చాను. మెట్లెక్కి అన్ని గదులూ చూపించింది.

"ఇన్ని గదులు ఎట్ల నిండుతాయక్కా?"

"బళ్ళారికి దినమూ ఎవురో ఒగరు చేతిసంచితో దిగుతానే ఉంటారు పాపా. వాళ్ళు కూర్చునే తావు యాడుండాది?"

ఆ మాట అంటూనే అక్క కిటికీలోంచి పక్కనున్న ఖాళీ జాగా వైపు చూస్తోంది. దాని ధర కూడా అప్పటికే అడిగి వచ్చిందని నాకు అర్థమైంది.