జీరో టికెట్ల మీద దొంగ-పోలీసు

దొంగను ఊహించి పట్టుకునే కార్డుల ఆట ఒకటి తెప్పించుకున్నాను. అది ఆడాలంటే నలుగురు కావాలి. హాస్టల్ గదిలో ఉన్న ముగ్గురిని అడిగే ధైర్యం లేక రెండు నెలలుగా పెట్టె విప్పలేదు. ఆ రోజు నార్కట్‌పల్లి బస్టాండులో సంచి సర్దుకుంటుంటే అది బయటపడింది.

పక్కనే సీతాఫలాల గంపతో కూర్చున్న పెద్దామె, "ఏందది బిడ్డా, మిఠాయా?" అంది. సంగతి చెప్పి, రూల్సే మూడు పేజీలున్నాయన్నాను.

"మూడు పేజీలు సదివేసరికి దొంగ చిట్యాల దాటిపోతడు," అని నవ్వింది. తాను దిగి వచ్చిన బస్సులో ఆడవాళ్లకు ఉచితంగా ఇచ్చే జీరో టికెట్టు తీసి, నాదీ, ఎదురుగా ఉన్న ఇద్దరు ఆడవాళ్లవీ అడిగి తీసుకుంది. వాటి వెనక నాతో రాజు, మంత్రి, పోలీసు, దొంగ అని రాయించి, మడిచి బెంచీ మీద వేసింది.

పోలీసు చిట్టీ నాకొచ్చింది. ముగ్గురి మొహాలూ చాలాసేపు చూసి, ఆమెనే దొంగన్నాను.

"నేను మంత్రినే పిల్లా! గంపున్నోళ్లంత దొంగలేనా?" అనేసరికి అందరం నవ్వాం.

అంతలో అచ్చంపేట బస్సొచ్చింది. ఆమె గంపెత్తుకుంటూ, "కొత్తోళ్లు కూసున్నకాడ మొదలు గిదే ఆడాలె బిడ్డా. పట్టుకోవాలంటే మొకం జూడాలె. మొకం జూసినంక మాటలు అవే వస్తయ్," అంది.

బస్సు కదిలింది. ఆటకు ఒకరు తక్కువయ్యారు. మిగిలిన ఇద్దరూ నా వైపే చూస్తున్నారు. నేను లేచి, స్తంభం దగ్గర ఒంటరిగా నిలబడ్డ ఒకామె దగ్గరికి వెళ్లి అడిగాను:

"అక్కా, దొంగ-పోలీసు ఆడుతవా?"