ఎలుకలకు ఇఫ్తార్ పెట్టిన మస్తాన్ వాళ్ళమ్మ

నిన్న పొద్దున పాత క్లాస్‌మేట్ ఫోన్ చేసి "మస్తాన్ పోయాడ్రా" అన్నాడు.

ఏ మస్తాన్ అని అడిగాను.

తెలియక కాదు. ఇంకో మస్తాన్ అయితే బాగుండని.

మొన్న ఆదివారమే నా షుగర్ రిపోర్ట్ చూసి చీవాట్లు పెట్టాడు. ఇక నన్ను తిట్టేవాడే లేడు.

అందరికీ వాడు రిటైర్డ్ లెక్చరర్. నాకు మాత్రం ఎనభైల్లో గుంటూరులో, ల్యాబ్‌లో ఎలుకల బోన్ల పక్కన కూర్చుని నాతో టీ తాగిన రీసెర్చ్ స్కాలర్.

వాడి పిచ్చి వనాడియం. అదో లోహం. దాని ఉప్పు నీళ్ళలో కలిపి షుగర్ ఉన్న ఎలుకలకు తాగిస్తే, ఇన్సులిన్ చేసే పని కొంత అదీ చేస్తుందని అప్పట్లో పెద్ద చర్చ.

మన లివర్ కణాలు గ్లూకోజ్‌ని గ్లైకోజెన్‌గా మార్చి దాచుకుంటాయి. షుగర్ జబ్బులో ఆ పని దెబ్బతింటుంది. వనాడియం దాన్ని మళ్ళీ నిలబెడుతుందా? అదే వాడి థీసిస్.

అసలు కారణం మాత్రం చిలకలూరిపేటలో ఉన్న వాళ్ళమ్మ. షుగర్ ముదిరిపోయింది. ఇన్సులిన్ సూది అంటే ఆవిడకు హడల్. "ఆ నీళ్ళేవో నాక్కూడా కాసిని ఇయ్యరాదంట్రా" అని కనిపించినప్పుడల్లా అడిగేది.

ఒక రంజాన్ నెల, మంచి ఎండాకాలం. మర్నాడే ఎలుకల లివర్ పరీక్ష. ముందురోజు ఎలుకలకు తిండి ఆపేయాలి. లేకపోతే గ్లైకోజెన్ మందు వల్ల పెరిగిందో తిండి వల్ల పెరిగిందో తేలదు.

మర్నాడు చూస్తే వనాడియం తాగిన ఎలుకల లివర్ నిండా గ్లైకోజెన్! తాగనివాటిలో దాదాపు లేదు.

మస్తాన్‌కి కాళ్ళు నేల మీద నిలవలేదు. తను రోజా ఉపవాసంలో ఉండి కూడా నన్ను లాక్కెళ్ళి మిరపకాయ బజ్జీలు తినిపించాడు. గైడ్ గారు సెమినార్ పెట్టేద్దాం అన్నారు.

డాక్టర్‌కి చూపించుకోవడానికి వచ్చిన వాళ్ళమ్మ వాడి రూమ్‌లోనే ఉంది. ముందురోజు సాయంత్రం ల్యాబ్ వరండాలోనే ఆవిడ ఇఫ్తార్ చేసింది. ఇద్దరం పరుగెత్తుకెళ్ళాం, వాడే ఆవిడకు చెప్పాడు.

ఆవిడ పకపకా నవ్వింది.

"నీ మందు కాదయ్యా! నువ్వు నమాజుకు పోయినప్పుడు నేనే పెట్టా. పొద్దుగూకినాక ఇంకా ఒక్కపొద్దేందిరా, నోరులేని జీవాలకి? ఆ చివరి వరసలోయి మరీ బక్కచిక్కినయ్. తలా ఖర్జూరం ముక్క, కాసిని అటుకులు పెట్టా."

ఆ బక్కచిక్కినవి వనాడియం ఎలుకలే. ఆ నీళ్ళు వాటి ఒంటికి పడేవి కావు.

వాడి మొహం చూడలేకపోయాను. ఆవిడ మీద మాత్రం ఒక్క మాట విసుక్కోలేదు. మర్నాడే గైడ్ గారికి ఉన్నదున్నట్టు చెప్పేసి, మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాడు.

ఈసారి గ్లైకోజెన్ పెరిగింది, కానీ కొంచెమే. ఎలుకలు మాత్రం మళ్ళీ చిక్కిపోయాయి.

అమ్మ మళ్ళీ ఆ నీళ్ళు అడిగింది. "వద్దమ్మా, నీకది పడదు" అన్నాడు. అలా అని బయటికొచ్చి గోడ వైపు తిరిగి ఏడ్చాడు.

తర్వాత ఆవిడను గుంటూరు తెచ్చుకున్నాడు. చివరిదాకా తన చేత్తోనే ఇన్సులిన్ వేశాడు. కొడుకు వేస్తే నొప్పి తెలియదని ఊరంతా చెప్పుకునేది.

కొన్నేళ్ళకు వాడికీ షుగర్ వచ్చింది. ఇఫ్తార్‌లో కూడా ఖర్జూరం ముట్టేవాడు కాదు. నేను ఏడిపిస్తే "అమ్మ పెడితే తింటాలేరా" అనేవాడు.

ఒరేయ్ మస్తానూ, అల్లా నిన్ను చల్లగా చూడాలి. ప్రశాంతంగా ఉండు. అమ్మ అక్కడ ఖర్జూరం పట్టుకుని నీకోసం కూర్చునే ఉంటుంది.

పొద్దుగూకింది రా. ఇక తిను.