ఒక్కటుంటే లేనట్టే

రాయమల్లు కాక లెక్కలో ఏ వస్తువైనా ఒక్కటే ఉందంటే అది లేనట్టే. చొప్పదండిలో ఆయన జిరాక్స్ దుకాణానికి బోర్డులు రెండు, తాళాలు రెండు. ముక్కు మీద ఒక కళ్ళజోడు, జేబులో ఇంకొకటి. ఎవరు ఏ కొత్త వస్తువు కొని చూపించినా బాగుందనడు, బాగాలేదనడు. చూపుడు వేలెత్తి, "ఇంకోటి ఉన్నదా?" అంటాడు.

ఈ జబ్బు ఆయనకు బొగ్గుబాయిలో అంటుకుంది. ఉద్యోగమంతా భూమి కిందే చేసి వచ్చాడు మరి. "బాయిల దిగితే బయటికి రెండు తొవ్వలుండాలె బిడ్డా. ఒక్క తొవ్వే ఉన్నదంటే అది బాయి గాదు, బొంద" అని పక్క షెడ్డులో ఉండే జమునకు రోజూ పాఠం చెప్పేవాడు. జమునది నేత కుటుంబం. భర్త కుమార్ పవర్‌లూమ్ మగ్గాలు నడిపితే, చీర అంచుల డిజైన్లు ఆమె కంప్యూటర్లో గీసేది. ఆ డిజైన్ పెన్‌డ్రైవులో వేసి తగిలిస్తే, మగ్గం దాని ప్రకారం పూలు నేసుకుంటూ పోతుంది.

తమ్ముడి కూతురి పెళ్ళికి పెద్దరికం చేస్తూ కాక ఇద్దరు పంతుళ్ళను పిలిచాడు. ఒకాయన మంటపంలో, ఇంకొకాయన రెండో వరస కుర్చీలో. "నేనుండంగ ఈయనెందుకు?" అని మొదటాయన అలిగి లేచి పోయాడు. రెండో ఆయన వచ్చి కూర్చున్నాడు. "సూసిన్రా! అక్కరకచ్చిండా లేదా?" అని కాక మీసం దువ్వుకున్నాడు.

"పెండ్లికొడుకు గూడ ఇంకోడు ఉన్నడా కాకా?" అని కుమార్ ఊరుకోక అడిగాడు.

కాక నవ్వలేదు. తల గోక్కుంటూ చాలాసేపు ఆలోచించాడు. ఆ ఆలోచన చూసి పెళ్ళికొడుకు తండ్రికి చెమటలు పట్టాయి.

పెళ్ళిళ్ళంటే ఎప్పుడో ఒకసారి. రిహార్సళ్ళు మాత్రం తరచూ ఉండేవి. మిట్టమధ్యాహ్నం, వీధి కునుకు తీస్తుండగా, కాక విజిల్ ఊదుకుంటూ షెడ్డులోకి వచ్చి పడేవాడు.

"మంటలంటుకున్నయ్!"

"యాడ కాకా?" అని కుమార్ అన్నం ముందు నుంచి లేచేవాడు.

"యాడా లేవు. అంటుకున్నయనుకో. మెయిన్ కింద కొట్టు! బిడ్డా, ఇసుక బకెట్ పట్టు!"

ఎంగిలి చేత్తో కుమార్ మెయిన్ స్విచ్ దించేవాడు. తిట్టుకుంటూ జమున బకెట్ మోసేది. హోటల్ ముందు జనం చాయ్ తాగుతూ ఈ సినిమా చూసేవాళ్ళు. ఊది ఊది విజిల్ మూగబోతే, కాక మెడలో రెండోది వేలాడుతూనే ఉండేది.

ఇక ఆదివారమైతే చేతిసంచీ పట్టుకుని దుకాణాల మీద పడేవాడు. "మీ కంప్యూటర్ల ఉన్నదంత పెన్‌డ్రైవుల ఏసియ్యుర్రి. బోథ్‌ల మా చెల్లె శంకరవ్వ ఇంట్ల దాస్త. చొప్పదండిల మునిగింది బోథ్‌ల తేలాలె." మెడికల్ షాపాయనా, ఎరువుల దుకాణమాయనా వదిలించుకోవడానికి ఇచ్చేసేవాళ్ళు. జమునకు మాత్రం చేతులు రాలేదు. నేతవాళ్ళ డిజైన్ గడప దాటితే, పొద్దున లేచేసరికి పక్కూరి మగ్గం మీద కనిపిస్తుంది. కాదనీ అనలేక, బతుకమ్మ పాటలు నింపిన పెన్‌డ్రైవ్ ఒకటి ఆయన చేతిలో పెట్టింది. కాక దాన్ని కళ్ళకద్దుకుని తీసుకుపోయాడు.

ఆయనకు మరో అలవాటుంది. జమున కొత్త డిజైన్ చీర మగ్గం మీంచి దిగితే మొదటి బేరం ఆయనదే. అదీ రెండు చీరలు. "మా శంకరవ్వకు చీరల పిచ్చి బిడ్డా" అనేవాడు.

"ఆ అత్తకు కట్టుకునేటందుకు దినాలు సాలుతయా?" అని కుమార్ నవ్వేవాడు.

ఈమధ్య బతుకమ్మ పండుగ దగ్గర పడుతుండగా కరీంనగర్ బట్టల దుకాణం నుంచి జమునకు పెద్ద ఆర్డర్ వచ్చింది. వాళ్ళు అడిగింది ఆమె పాత తంగేడుపూల అంచు. ఆ ఆర్డర్ జారిపోతే మగ్గాలు అమ్ముకుని కూలికి పోవడమే. నేత ఇంకా మొదలు కాలేదు. ఓ మధ్యాహ్నం ఆకాశం నల్లబడింది, ఉరిమింది, ఎక్కడో దగ్గర్లో పిడుగు పడింది. కంప్యూటర్ గదిలోంచి పొగ లేచింది.

విజిల్ ఎవరూ ఊదలేదు. అయినా కుమార్ చెయ్యి దానంతటదే మెయిన్ కింద కొట్టింది. జమున చేతిలో ఇసుక బకెట్ ఉంది. అది ఎప్పుడు అందుకుందో ఆమెకే తెలియదు. చాయ్ తాగుతూ చూసే జనానికి కూడా వరస కంఠతా వచ్చు కాబట్టి వాళ్ళూ బకెట్లతో ఉరికారు. మగ్గాలు దక్కాయి. మనుషులకు గీత పడలేదు. కానీ కంప్యూటర్, పెన్‌డ్రైవులు, నమూనా గుడ్డలు, ఆ గదిలో ఉన్నదంతా బూడిదైంది.

జమున గడప మీద కూలబడింది. "నీకిచ్చిన దాంట్ల డిజైన్లు లేవు కాకా. బతుకమ్మ పాటలు."

"నాకెరుకే బిడ్డా. తెరిచి సూడంది కాపీ ఎట్లయితది? పాటలు మంచిగున్నయ్, వంట చేసుకుంట వింటున్న."

"మరి అడగలేదేంది?"

"డిజైనంటే నీ ఇంటి గుట్టాయె. అడుగుతె బాగుంటదా? ఇగ ఫికర్ జెయ్యకు. రేపు బోథ్ పోదాం పా."

బోథ్‌లో శంకరవ్వ బీరువా తలుపు తీసింది. జమున ముందుకు వంగి చూసింది. పై అరలో పసుపు, కుంకుమ డబ్బాల పక్కన వీధిలోని దుకాణాలన్నింటి పెన్‌డ్రైవులు. కింది అరల్లో తను గీసిన అంచులన్నీ మడతలు నలగకుండా, మొదటి చీర మొదలుకుని. నేసిన గుడ్డ చేతిలో ఉంటే పోగులు లెక్కపెట్టి డిజైన్ మళ్ళీ గీసుకోవచ్చు. ఆ సంగతి నేతింట పుట్టిన తనకు తట్టలేదు, బొగ్గు తవ్విన మనిషికి తట్టింది. ఆమెకు ఆయన కాళ్ళకు మొక్కాలనిపించింది.

"నువ్వేనా బిడ్డా గివి నేసేది?" అని శంకరవ్వ మొర మొదలుపెట్టింది. "బీరువ నిండ చీరలు! ఒక్కటి కట్టుకుంటనంటె మా అన్న ఒప్పుకోడు. 'అవి జమున సొమ్ము, ముట్టకు' అంటడు. సూస్తె కడుపు నిండుతది, ఒంటి మీద మాత్రం గీ పాత చీరనే."

వెతికారు. అన్నీ ఉన్నాయి. తంగేడుపూల అంచు లేదు.

శంకరవ్వ కొంగు కొస నలిపింది. "జర కోపం జెయ్యకన్నా. గదొక్కటి ఆడిబిడ్డ బిడ్డకు పెండ్లిల పెట్టిన."

జమున కాక వైపు తిరిగింది. ఆమె ప్రయత్నమేమీ లేకుండానే ఆ మాట నోటికొచ్చింది.

"కాకా... ఇంకోటి ఉన్నదా?"

ఆ మాట ఎవరో ఒకరు తనను అడగాలని కాక ఎన్నేళ్ళుగా ఎదురుచూశాడో! ముఖం వెయ్యి దీపాలైంది. "ఉండక? హుస్నాబాద్‌ల మా బామ్మర్ది ఇంట్ల ఉన్నది!"

ఆ చీర అంచును కాక తన జిరాక్స్ మిషన్ మీద పరిచి పూలను పెద్దవి చేసి ఇచ్చాడు. ప్రతి కాగితం రెండేసి. జమున పోగు పోగు లెక్కపెట్టి డిజైన్ గీసింది. కుమార్ మగ్గాలు మోగించాడు. పండుగకు ముందే చీరలు కరీంనగర్ చేరాయి. ఇప్పుడు ఆదివారం వస్తే జమునే డిజైన్ల పెన్‌డ్రైవ్ పట్టుకుని ఎదురెళుతుంది. "మరి కొత్త పాటలు?" అంటాడు కాక.

పండుగ వెళ్ళాక ఆమె కాకను వెంటబెట్టుకుని మళ్ళీ బోథ్ పోయింది. కొత్త తంగేడుపూల చీర శంకరవ్వ చేతుల్లో పెట్టింది. "అత్తా, గిది దాసేది గాదు, కట్టుకునేది."

శంకరవ్వ అప్పుడే లోపలికి పోయి కట్టుకుని వచ్చి, వాకిట్లో చిన్నపిల్లలా ఒక చుట్టు తిరిగింది. కాక చూపుడు వేలు మెల్లగా పైకి లేవడం మొదలైంది.

జమున సంచీలో చెయ్యి పెట్టి రెండో చీర తీసింది. "ఉన్నది కాకా."

కాక వేలు దించాడు. ముక్కు మీది కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. తర్వాత జేబులోంచి రెండోది తీసి, అదీ తుడుచుకున్నాడు.