ముప్పై ఆరు బొమ్మల పెళ్ళి

మనిషిని చూడగానే ఆ మనిషికి ఏ ఫిల్ము సరిపోతుందో చెప్పడం మా క్రాంతి కుమార్‌కి ఉన్న జబ్బు. ఫిల్ము అంటే సినిమా కాదు. పాతకాలం కెమెరాలో వేసే రీలు. రీలు అనగానే ఫోన్లో చూసుకునే రీలే గుర్తొచ్చే ఈ రోజుల్లో కూడా అతను ఆ రీలుతోనే ఫొటోలు తీస్తాడు. ఈ ఒక్క విషయం పక్కన పెడితే అతను మీలాంటివాడే, నాలాంటివాడే. బందరులో ఒక జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ చెబుతాడు. హెల్మెట్ ఎక్కడ పెట్టాడో రోజూ వెతుక్కుంటాడు.

ఫిల్ముకి వేగం ఉంటుందట. వందది ఎండకీ, కదలనివాళ్ళకీ. నాలుగు వందలది నీడకీ, చురుకైనవాళ్ళకీ. లోకంలో ఉన్న జనాభా మొత్తాన్ని అతను ఈ అంకెల్లో సర్దేశాడు. వాళ్ళ ప్రిన్సిపాల్ వంద. "ఆయన కుర్చీలోంచి లేవగా నేనెప్పుడూ చూడలేదు గిరీష్, వంద ఎక్కువే" అంటాడు నాతో. చల్లపల్లి బస్సులో టికెట్లు కొట్టే కండక్టరు ఎనిమిది వందలు. నన్ను మాత్రం పదేళ్ళుగా చూస్తూ కూడా ఒక నిర్ణయానికి రాలేకపోయాడు. "నువ్వు ఎండలో ఒకలా, నీడలో ఒకలా ఉంటావు. నమ్మలేం" అన్నాడు ఒకసారి.

అతని పెళ్ళిచూపులు కూడా ఈ జబ్బు వల్లే చెడిపోయాయి. గుడివాడలో అమ్మాయిని చూసి, కాఫీ తాగి, అందరూ ఏమంటాడా అని ఎదురుచూస్తుంటే, "మీది చీకట్లో తీయాల్సిన ముఖమండీ" అన్నాడు. అది అతని నోట్లోంచి రాగలిగిన అతి పెద్ద మెచ్చుకోలు. అమ్మాయి తండ్రికి అలా వినిపించలేదు.

వాళ్ళమ్మ సుబ్బరత్నమ్మ గారి బాధ వేరు. ఫిల్ము పాడవకుండా చల్లగా ఉంచాలి కాబట్టి ఫ్రిజ్‌లో పెడతాడు. "పెరుగు తీయబోతే రీలు, కొత్తిమీర తీయబోతే రీలు! నిన్న సాంబార్లో వేద్దామని ములక్కాడలు తీస్తే వాటితోపాటు ఇంకో రెండు డబ్బాలు దొర్లాయి నాయనా" అని నాతో చెప్పుకుంది. "పడ్డాయా ఏంటమ్మా సాంబార్లో?" అని లోపల్నుంచి కంగారుగా పరిగెత్తుకొచ్చాడు క్రాంతి. అతని కంగారు సాంబారు గురించి కాదు.

ఇలాంటి మనిషిని మా స్నేహితుడు సాల్మన్ రాజు తన పెళ్ళికి ఫొటోలు తీయమన్నాడు. సాల్మన్ కొత్త పోర్టు పనుల దగ్గర సూపర్‌వైజరు. అమ్మాయి హెప్సిబా, గిలకలదిండిలో బోటు ఇంజన్లు బాగుచేసే గంగరాజు గారి ఒక్కగానొక్క కూతురు.

"నువ్వే తీయాలిరా. ఇంకెవర్నీ పెట్టను" అన్నాడు సాల్మన్.

క్రాంతి నీళ్ళు నమిలాడు. "నేనెప్పుడూ పెళ్ళి తీయలేదురా. కొంగల్ని తీశాను, పడవల్ని తీశాను..."

"కొంగలకంటే మేం నిదానంగానే కదుల్తాంలే."

ఆ రోజు నుంచి మూడు నెలలు మాకు నరకం. ఏ ఫిల్ము? రంగులదా, నలుపు తెలుపుదా? వందా, నాలుగు వందలా? కొత్త బట్టలు కొనడానికి కూడా పెళ్ళివాళ్ళు అంత ఆలోచించి ఉండరు. పెళ్ళి శనివారం పదకొండు గంటలకని తెలిసి, నాలుగు శనివారాలు సరిగ్గా పదకొండు గంటలకి నన్ను చర్చికి లాక్కుపోయాడు. పెళ్ళికూతురు నిలబడే చోట నన్ను నిలబెట్టి, నెత్తిన తెల్ల దుప్పటి కప్పి, వెలుతురు కొలిచే మీటరు నా ముక్కు దగ్గర పెట్టాడు.

"తల కొంచెం వంచు. సిగ్గుపడు."

"నేనెందుకు సిగ్గుపడాలి?"

"సిగ్గుపడితే గడ్డం కింద ఎంత నీడ పడుతుందో చూడాలి."

అప్పుడే లోపలికొచ్చిన పాస్టరు గారు దుప్పట్లో ఉన్న నన్నూ, నా ముక్కు దగ్గర వంగి ఉన్న అతన్నీ చూసి, వచ్చిన దారినే వెనక్కి వెళ్ళిపోయారు.

చర్చి అయ్యాక గిలకలదిండి మొదలుపెట్టాడు. వారానికి రెండుసార్లు కాలేజీ నుంచి నేరుగా గంగరాజు గారింటికి వెళ్ళి, వాళ్ళమ్మాయిని ఎండలో, నీడలో, కిటికీ పక్కన నిలబెట్టి ఒకటీ రెండూ తీసి, కడిగి, ప్రింట్లు పట్టుకుని మళ్ళీ వెళ్ళేవాడు. ఎందుకురా అంటే "టెస్టు" అనేవాడు.

పెళ్ళి పది రోజులుందనగా నిర్ణయం ప్రకటించాడు. నలుపు తెలుపు. నాలుగు వందలు. చర్చిలో ఒకే ఒక్క రీలు, ముప్పై ఆరు ఫొటోలు.

సాల్మన్ అక్క అరుణకుమారి గారు అప్పుడే అవనిగడ్డ నుంచి దిగారు. ఆవిడ సంచి కింద కూడా పెట్టలేదు.

"బ్లాక్ అండ్ వైటా? మా తమ్ముడిది పెళ్ళి నాయనా, పోయినవాళ్ళ జ్ఞాపకార్థ కూడిక కాదు!"

"తెలుసక్కా."

"పెడనలో కలంకారీ వేయించాం రిసెప్షన్‌కి. ఎన్ని రంగులున్నాయో తెలుసా దాంట్లో?"

"పదకొండక్కా. లెక్కపెట్టాను."

"మరి?"

క్రాంతి నేల చూపులు చూశాడు. పెళ్ళి బట్టలు చూడ్డానికి వచ్చిన హెప్సిబా మెల్లగా, "నా గాజులు ఎర్రగా కనపడవా అన్నా?" అని అడిగింది. "కనపడవమ్మా" అన్నాడు. ఆ అమ్మాయి చేతి గాజులు ఒకసారి తిప్పి చూసుకుని "సరేలే అన్నా, నాకు గుర్తుంటాయిగా" అంది. సాల్మన్ మాత్రం, "వాడు తీస్తే చాలక్కా. రంగులు కావాలంటే మన ఫోన్లున్నాయి" అన్నాడు. అరుణకుమారి గారు పెళ్ళి అయ్యేదాకా క్రాంతితో మాట్లాడలేదు. బిర్యానీ మాత్రం దగ్గరుండి వడ్డించారు, అదీ మాటల్లేకుండా.

పెళ్ళిలో ఒక పక్క రెండొందల ఫోన్లు టకటకలాడుతుంటే, మా వాడు కెమెరా కంటికి ఆనించి కదలకుండా నిలబడ్డాడు. నొక్కడు. ఎంతకీ నొక్కడు. సాల్మన్ పెదనాన్నలు ఆరుగురు వరసగా నిలబడి నవ్వారు. నాలుగు నిమిషాలు నవ్వారు. "పళ్ళు ఆరిపోతున్నాయి బాబూ" అన్నాడు చివరాయన. వాళ్ళు విసుగెత్తి ఒకరి ముఖాలొకరు చూసుకుని నిజంగా నవ్వుకున్నాక, అప్పుడు క్లిక్‌మంది.

గంగరాజు గారు కూతురి చెయ్యి పట్టుకుని నడిచొచ్చారు. ప్రమాణాలయ్యాయి. పాస్టరు గారు దీవెన ప్రార్థనకి చేతులెత్తారు. సరిగ్గా అప్పుడే మబ్బు పట్టి చర్చంతా మసకబారింది. క్రాంతి ముఖం చూస్తే, చేతిలో పసిబిడ్డని జారవిడిచినవాడిలా ఉన్నాడు. మీటరు చూశాడు, కిటికీ చూశాడు, వేదిక పక్కకి చప్పుడు కాకుండా వెళ్ళి పాస్టరు గారి చెవిలో ఏదో అన్నాడు. తర్వాత తెలిసింది. "ప్రార్థన ఇంకో రెండు నిమిషాలు పొడిగించగలరా అండీ, మబ్బు కదుల్తోంది" అన్నాడట.

పాస్టరు గారు పెద్దమనిషి. కళ్ళు తెరవకుండానే ప్రార్థన పొడిగించారు. వధూవరుల తర్వాత వాళ్ళ తల్లిదండ్రుల్నీ, బంధువుల్నీ, సముద్రం మీదున్న బోట్లనీ, గట్టున మరమ్మతులో ఉన్న బోట్లనీ దీవించారు. వంటవాళ్ళ దగ్గరికి వచ్చేసరికి పై కిటికీలోంచి ఎండ ఒక్కసారిగా లోపలికి దూకింది. హెప్సిబా ముఖం ఒక పక్క తెల్లగా వెలిగింది, రెండో పక్క చిక్కటి నీడలో నిలిచింది. తెల్ల ముసుగు అంచు మంట అంటుకున్నట్టు మెరిసింది. పక్కనే సాల్మన్ ఆ అమ్మాయినే చూస్తూ ఉండిపోయాడు. ఆ వెలుగుని అతను మూడు నెలల ముందే చూసుకుని ఉంచాడు. ఫోన్లు పట్టుకున్న రెండొందల మందిమీ అప్పుడే చూశాం.

క్లిక్.

పెళ్ళయి మూడు వారాలైనా ఫొటోలు రాలేదు. నాలుగో వారం క్రాంతి నన్ను బందరులో ఒక ఫ్లెక్సీ షాపుకి రమ్మన్నాడు. పుట్టినరోజులకీ, నాయకుల స్వాగతాలకీ బ్యానర్లు వేసే షాపు అది. ఆ ఒక్క ఫొటోని ఆరడుగుల ఎత్తున వేయిస్తున్నాడు. షాపతను దాన్ని చూసి ఎంతో వినయంగా, "కింద 'కీర్తిశేషులు' అని వేయాలా అండీ?" అని అడిగాడు.

"ఇద్దరూ బతికే ఉన్నారండీ" అన్నాను. "కాపురం పెట్టి నెల కూడా కాలేదు."

చుట్టిన ఫ్లెక్సీకి చెరో కొస పట్టుకుని ఆటోలో గిలకలదిండి, గంగరాజు గారింటికి వెళ్ళాం. నాకు ఒళ్ళు మండిపోతోంది. పెరటి గోడకి, పదింటి ఎండలో దాన్ని కట్టాం. గంగరాజు గారు భార్య ధనమ్మ గారి భుజం మీద చెయ్యేసుకుని, అడుగు తడుముకుంటూ బయటికొచ్చారు. అప్పుడు చూశాను, ఆయన కళ్ళు మా ఇద్దరి మీదా నిలవడం లేదు.

"రెండేళ్ళ నుంచి ఇంతే బాబూ" అన్నారు ధనమ్మ గారు. "కంటి నరం ఎండిపోతోందంట. ఇక రాదన్నారు డాక్టర్లు. ఇంజనుకైతే చెవీ చెయ్యీ చాలు, ఎవరికీ తెలియలేదు. పాపకి చెబితే పెళ్ళి ఆపేసి ఈయన్ని ఆసుపత్రుల చుట్టూ తిప్పుద్దని, పెళ్ళయ్యేదాకా నోరెత్తొద్దన్నారు. ఈ బాబు ఎలా కనిపెట్టాడో కనిపెట్టాడు. మాటివ్వమంటే ఇచ్చాడు."

నేను క్రాంతి వంక చూశాను. అతను తాడు ముడి బిగిస్తూ, ఎక్కడో చూస్తూ చెప్పాడు. "మొదట రంగుల ప్రింటు ఇచ్చానురా. ఆకుపచ్చ చీరలో వాళ్ళమ్మాయి. ఆయన చాలాసేపు చూసి, 'బోటు బాగా పడింది బాబూ' అన్నారు. రంగులన్నీ ఆయనకి ఒకటే బూడిద. తర్వాత కిటికీ పక్కన తీసిన నలుపు తెలుపుది పెద్దది చేసి ఇస్తే, నుదురు పోల్చుకున్నారు. ఇంకా నల్లగా, ఇంకా తెల్లగా రావాలి. ఫిల్ముని కడిగే మందులో ఎక్కువసేపు నానిస్తే వస్తుంది. ఎంతసేపో తేలడానికే అన్ని టెస్టులు."

పెళ్ళికొచ్చిన రెండొందల మందికీ నచ్చకపోయినా ఫరవాలేదనుకుని, ఒక్క మనిషి కోసం ఫిల్ము ఎంచుకున్నవాణ్ణి నేను మూడు నెలలు తిట్టాను.

గంగరాజు గారు ఫ్లెక్సీకి బాగా దగ్గరగా వెళ్ళారు. వెనక్కొచ్చారు. తల పక్కకి తిప్పి చూశారు. గ్రీజు మరకల వేలు ముసుగు అంచు పట్టుకుని మెల్లగా నుదుటి మీదికి, అక్కణ్ణుంచి ముక్కు మీదికి నడిచింది.

"ఇదిగో పాప" అన్నారు. "ఇదిగో, మా అమ్మ ముక్కు. ధనా, మా అమ్మ ముక్కే ఇది!"

ధనమ్మ గారు కొంగు నోటికడ్డం పెట్టుకున్నారు. తర్వాత ఆయన వేలు పక్కకి జరిగింది. అక్కడ ఆగింది.

"ఇదెవరు?"

"మీ అల్లుడండీ" అన్నాను.

"ఓహో!" ఆయన ఇంకా దగ్గరికి వంగారు. "మాట తీరు చూసి ఒప్పుకున్నానయ్యా, మనిషిని ఇదే చూడ్డం." కింద నుంచి పైకి, పై నుంచి కిందకి పరీక్షగా చూశారు. ఇంజను విప్పి చూసే మెకానిక్కు చూపు అది. చాలాసేపటికి భార్య వైపు తిరిగి, గొంతు తగ్గించి అన్నారు.

"కుర్రాడు బాగానే ఉన్నాడు గానీ, చెవులింత పెద్దవని ఒక్క మాట చెప్పావు కాదే?"

ధనమ్మ గారు నవ్వాపుకోలేక లోపలికి పరిగెత్తారు. ఆయనే కూతురికి ఫోన్ చేసి, "పాపా, ఒకసారి రామ్మా, నీకో సంగతి చెప్పాలి. నీ బొమ్మ చూశాను" అన్నారు. అవతల సాల్మన్ ఫోన్ లాక్కుని, "క్రాంతి ఉన్నాడా అక్కడ? ఇమ్మనండి మావయ్యా" అన్నాడు.

"ఒరే, ఫొటో చూసి నా గురించి ఏమన్నార్రా మావయ్య?"

క్రాంతి ఫ్లెక్సీ వైపు చూశాడు, గంగరాజు గారి వైపు చూశాడు.

"బాగున్నావన్నారు" అన్నాడు.