కల్ అంటే బుధవారం

నిజాం రోజుల్లో సిద్దిపేటలో మాకు పంతులు పని నేర్పిన సారు, రూమీ టోపీ సర్దుకుంటూ ఎప్పుడూ ఒకటే మాట అనేవారు: "పరీక్షకు భరోసా ఉండాలె. ఎన్నిసార్లు పెట్టినా గదే జవాబు రావాలె."

అది రుజువు చేయడానికి ఒక మంగళవారం మాకు ఉర్దూలో తెలివి పరీక్ష పెట్టారు. అందులో ఒక ప్రశ్న, "కల్ ఏ వారం?" ఉర్దూలో కల్ అంటే రేపూ అవుతుంది, నిన్నా అవుతుంది. అందరం బుధవారమని రాశాం.

గురువారం మళ్లీ అదే పరీక్ష. నేను శుక్రవారమని రాశాను. అక్కన్నపేట మిత్రుడు మాత్రం కల్ అంటే నిన్న అనుకుని బుధవారమే రాశాడు.

"గిదీ భరోసా అంటే," అని సారు మురిసిపోయి అతనికి నౌకరి ఇప్పించారు.

"నా నౌకరి ఎప్పుడు సార్?" అన్నాను.

ఆయన టోపీ సర్దుకున్నారు. "కల్."

ఆ తర్వాత ఎన్నిసార్లు అడిగినా అదే జవాబు వచ్చింది.